లాయంలో బల్బు

పోయిన వారం ఒక పెళ్ళిలో తోరణం దెబ్బ తప్పిపోయింది. పెళ్ళికొడుకు మా తెల్ల ఆడగుర్రం ధోళీ మీద కూర్చుని కత్తి ఎత్తాడు. పెళ్ళికూతురి గుమ్మానికి కట్టిన చెక్కచిలకల తోరణానికి తాకించాలి. తాకిస్తేనే లోపలికి పోనిస్తారు. సరిగ్గా అప్పుడే మా ఆడగుర్రం గిరుక్కున తిరిగి, తోక పక్కకు పెట్టి, బ్యాండువాళ్ళ మగగుర్రం వైపు వెనకభాగం తిప్పి నిలబడింది. కత్తి గాలిని నరికింది. పాడుతున్న ముసలమ్మలు నోళ్ళు మూసేశారు. మా బావగారు ఈసబ్ అందరి ముందూ దాన్ని కర్రతో కొట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాడు.

నేను ఆ పెళ్ళి చూడలేదు. మా ఇంటి కోడళ్ళు ఊరేగింపు వెంట వెళ్ళరు. తెల్లారి ధోళీ డొక్క మీద వాతలు చూశాను. పసుపు, నెయ్యి కలిపి రాస్తుంటే దాని చర్మం నా వేళ్ళ కింద వణికింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవడం లేదు. 'అది' అంటున్నారు. 'అది మేసిందా', 'అది తన్నిందా' అని. బజారులో అయితే మా మామ సుమార్ ఖాన్ కనపడితే చాలు, ఎవడో ఒకడు నోరు పారేసుకుంటాడు. "ఖాన్ సాబ్, ముందు మీ గుర్రానికి చెయ్యండి పెళ్ళి. తర్వాత మా వాడి సంగతి చూద్దాం." కుళాయి దగ్గర ఆడవాళ్ళకు నేనున్నాను. "నీ మొగుడు పూణెలో. నీ గుర్రమేమో మగగుర్రాల వెంట. మీ ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఒకటే జబ్బా, జైతూన్?" అని కుళాయి కింద బిందె పెడుతూ అడిగింది ఒకామె. నేను నవ్వాను. నవ్వకపోతే ఇంకోటి అంటారు.

ధోళీ ఎదకు వచ్చింది. ఎదకు రావడంలో వింత లేదు. పగళ్ళు సాగి ఎండ ముదిరేకొద్దీ ఆడగుర్రానికి ఒళ్ళు మేలుకుంటుంది. వారం పాటు ఎవరి మాటా వినదు. అరుస్తుంది, తన్నబోతుంది, జీను వేస్తే నడుం ముడుచుకుంటుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలవుతుంది. మూడు వారాలకు మళ్ళీ మొదలు. అందుకే మామ వేసవి పెళ్ళిళ్ళకు రోజులు చూసుకుని గాని మాట ఇవ్వడు. కానీ ఇది మాఘం, మా వైపు పుష్య పున్నమి మర్నాడే మొదలయ్యే నెల. ఈ చలిలో ఆడగుర్రాలకు ఆ ధ్యాసే ఉండదు, హోలీ దాకా రాళ్ళలా పడి ఉంటాయి. మాఘంలో ఎదకు వచ్చిన గుర్రాన్ని మామ తన ఇన్నేళ్ళలో చూడలేదట.

చూడనిదానికి తలా ఒక పేరు పెట్టారు. బావగారు కొవ్వన్నాడు, సెనగలు మానిపించాడు. మా అత్త మరియత్ దిష్టి అంది, మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పోసింది, మెడలో నీలంపూస కట్టింది, ధనియాలు నానేసిన నీళ్ళు తాగించింది. పూసకో నీళ్ళకో గాని నాలుగు రోజులకు ధోళీ నెమ్మదించింది. నేను మాత్రం, గడువు తీరింది కనుక నెమ్మదించింది, మళ్ళీ వస్తుంది అనుకున్నాను. పైకి అనలేదు. నేను ఎవరితో అంటాను?

ఆ మాట కొంచెం చెప్పాలి. మా ఇంట్లో కోడలి మాట మామ చెవిన పడకూడదు. నేను వచ్చి మూడేళ్ళు దాటింది, ఆయనతో ఒక్క మాట అనలేదు. ఆయనా నాతో అనలేదు. వాకిట్లోకి వచ్చేముందు దగ్గుతాడు, నేను ముసుగు లాక్కుంటాను. ఏదైనా చెప్పాల్సి వస్తే అత్తకు చెబుతాను. అత్త లేకపోతే నా కూతురు ఆమనాకు చెబుతాను. 'ఆమనా, తాతయ్యకు ఇంకో రొట్టె కావాలేమో అడుగు' అని. దానికి ఇంకా మాటలే రాలేదు. అయినా రొట్టె అందుతుంది.

బావగారి ముందూ అంతే. లతీఫ్, అంటే మా ఆయన, ఉన్నప్పుడు ఆయన ఒక్కడితో మాట్లాడేదాన్ని. ఆయన దీపావళికి ముందే పూణె దగ్గర ఎవరో సేఠ్ గుర్రాల పనికి వెళ్ళాడు. వెళ్ళే ముందురోజు లాయం దూలానికి ఒక బల్బు బిగించాడు. మా గది, లాయం పక్కపక్కనే, మధ్యలో నడుం ఎత్తు గోడ. "నీకు చీకటంటే భయం కదా. పొద్దుగూకగానే వేసుకో. ధోళీ తోడుంటుంది," అన్నాడు.

అలాగే వేసుకున్నాను. రోజూ. చలికాలం పొద్దు తొందరగా గూకుతుంది. అత్తామామలు తిని పడుకుంటారు. నేను ఆమనాను ఒళ్ళో వేసుకుని ధోళీ పక్కన గడ్డి మీద కూర్చునేదాన్ని. పిల్ల పాకుతూ గిట్టల కిందికి పోతుందేమోనని దాని నడుముకు కట్టిన గుడ్డపేలిక నా చేతికి చుట్టుకునేదాన్ని. నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని, ఊపిరి ఆడుతోందా అని. ఒకసారి చూస్తే చాలేది కాదు. బెల్లం పొట్లాల కాగితాలు దాచి ఉంచుకుని చదివేదాన్ని. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది, చదవడం మాత్రం ఆగలేదు. పైకి చదివితే ధోళీ చెవులు ముందుకు తిప్పేది. మా వైపు గుర్రాల చెవులు కొసల దగ్గర లోపలికి వంగి, ఒకదాన్నొకటి తాకుతాయి. అది అలా వింటుంటే ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నట్టు ఉండేది. నేను చెప్పింది కడదాకా విన్నది ఈ ఇంట్లో అదొక్కటే.

బుధవారం భోజనాల దగ్గర బావగారు మాట తీశాడు. నేను పొయ్యి దగ్గర సజ్జరొట్టెలు కాలుస్తున్నాను.

"ఇప్పుడు మేకపిల్లలా ఉంది. ఇప్పుడే అమ్మాలి. పంచమి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మొదలెడుతుంది. అప్పుడెవరు కొంటారు, మా అత్తగారా?"

"కొన్నా కొంటుందిరా. నిన్నే కొనుక్కుంది," అంది అత్త.

మామ నవ్వలేదు. వసంత పంచమికి భండారీల పెళ్ళికి ధోళీని తెస్తానని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఇంట్లో పెళ్ళికొడుకు తండ్రి కూడా ధోళీ తల్లి మీద కూర్చునే తోరణం కొట్టాడు.

"భండారీలకు ఏం చెప్తావ్?"

"వేరే గుర్రాన్ని తెచ్చి పెడతా. తెల్లగా ఉంటే చాలు. పెళ్ళికొడుకు గుర్రం మొహం చూస్తాడా?"

"కొనేవాడికి తోరణం సంగతి చెప్తావా?"

"అడిగితే చెప్తా."

"అడక్కపోతే?"

"అడగనిదానికి జవాబు చెప్పమని ఎక్కడుంది, అబ్బా?" బావగారు తండ్రినే ఎదురడిగాడు.

"చిన్నోడికి ఒక మాట చెప్పాలి కదరా. గుర్రాన్ని పెంచింది వాడు."

"వాడు అక్కడ సేఠ్ లద్దె ఎత్తుతున్నాడు. ఇక్కడి లద్దె నేను ఎత్తుతున్నా. ఎత్తేవాడిదే మాట." బావగారు చెయ్యి కడుక్కున్నాడు. "శుక్రవారం నమాజయ్యాక వస్తానన్నాడు వ్యాపారి. చిన్నోడికి ఫోన్‌లో ఎవరూ ఏమీ ఊదొద్దు." ఆ చివరి మాట అత్త వైపు చూస్తూ అన్నాడు. అన్నది నాకు.

పెనం మీద రొట్టె మాడింది. కొన్నవాడు దాన్ని ఏ ఊరికో తోలుకుపోతాడు. పంచమికి ఏ గుమ్మం ముందో అది మళ్ళీ తిరగబడుతుంది. వాడి చేతిలోనూ ఒక కర్ర ఉంటుంది. పసుపు రాసేవాళ్ళు ఉండరు.

గురువారం మధ్యాహ్నం లతీఫ్ ఫోన్ చేశాడు. అత్త పక్క ఊళ్ళో చెల్లెలి కోడలు ప్రసవిస్తే చూడ్డానికి వెళ్ళింది. ఇంట్లో నేనూ ఆమనా. చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ ఆయన ముందే మొదలుపెట్టాడు, గొంతులో హుషారుంది. చాలా రోజుల తర్వాత ఆ హుషారు విన్నాను, ఆపబుద్ధి కాలేదు.

"ఇక్కడి వింత విన్నావా? ఈ సేఠ్ ఆడగుర్రాలకు చలికాలమే లేదు."

"అక్కడ చలి పెట్టదా?"

"చలి పెడుతుంది పిచ్చిదానా, చలికాలం లేదు అంటున్నా. మార్గశిరం రాకముందే లాయాల్లో లైట్లు వేస్తారు. పొద్దుగూకినా పగల్లాగే ఉంటుంది. వాటి ఒంటికి వేసవి వచ్చేసిందనిపిస్తుందంట. రెండు నెలలు తిరక్కుండా ఎదకొస్తాయి. పిల్లలు ముందు పుడితే పందేలకు ముందు తయారవుతాయని సేఠ్ లెక్క."

నేను లాయం వైపు చూశాను. "లైటు వేస్తేనేనా? మందేమీ పెట్టరా?"

"మందూ లేదు మాకూ లేదు. ఉత్త బల్బు. ఎంత వెలుతురుండాలో తెలుసా? డాక్టరు చెప్పాడు, లాయంలో నిలబడి పేపరు చదవగలిగితే చాలంట. నువ్వుంటే నిన్ను పెట్టుకునేవాళ్ళు, రోజూ చదివి చూడ్డానికి." ఆయన నవ్వాడు. "ఏం, మాట్లాడవు?"

"ఆమనా లేచినట్టుంది," అన్నాను. ఆమనా నిద్రపోతోంది.

"ధోళీ బాగుందా?"

"బాగుంది."

అవతల ఎవరో ఆయన్ని కేకేశారు. ఫోన్ పెట్టేశాడు.

లాయంలోకి వెళ్ళి నిలబడ్డాను. పగటి వెలుతుర్లో ఆ బల్బు ఎంతో లేదు, దుమ్ము పట్టి, ఒక సాలెగూడు దారంతో వేలాడుతోంది. దాని కింద పూరిగోడలో నేను దోపిన కాగితాలు. ఒక చలికాలమంతా చదివినవి. ధోళీ నా భుజం మీద మూతి ఆనించి వేడిగా ఊపిరి వదిలింది. కొవ్వు కాదు, దిష్టి కాదు. నేను. నాకు చీకటంటే భయమని, మాట్లాడే మనిషి లేడని, ఈ మూగజీవికి లేని వేసవిని తెచ్చి పెట్టాను. దెబ్బలు అది తింది.

ఈ రోజు నుంచి బల్బు ఆపేస్తే ఎవరికీ తెలియదు అని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. శుక్రవారం ధోళీ పోతుంది, దానితో పాటు ఈ సంగతీ పోతుంది. చెబితే? కుళాయి దగ్గర ఆ మాటకు ఎన్ని కాళ్ళు మొలుస్తాయో నాకు తెలుసు. లాయంలో రాత్రిళ్ళు దీపం పెట్టుకుని కూర్చునే కోడలు. ఎవరి కోసమంట?

పొద్దుగూకింది. నేను బల్బు వెయ్యలేదు. ధోళీ తల పైకెత్తి దూలం వంక చూసింది, నా వంక చూసింది, గిట్టతో నేల గీరింది. దానికీ అలవాటైపోయింది. ఆమనా నా ఒళ్ళో గునుస్తోంది.

బయట దగ్గు వినపడింది. మామ వచ్చి లాయం ముందు నులకమంచం మీద కూర్చుని బీడీ ముట్టించాడు. నేను ముసుగు లాక్కుని ధోళీ అవతలి పక్కకు తప్పుకున్నాను. అత్త లేదు. బావగారు ఊళ్ళోకి పోయాడు.

మామ గాలిలోకి అన్నట్టు అన్నాడు. "ఏమే ధోళీ, ఇవాళ నీ ఇంట్లో కరెంటు పోయిందా?"

వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

రేపు అత్త వచ్చేసరికే వ్యాపారి వచ్చేస్తాడు. ఆమనా చేత చెప్పించే సంగతి కాదు ఇది. ధోళీ మెడలో మొహం దాచుకున్నాను.

"ధోళీ," అన్నాను. "కరెంటు పోలేదు. నేనే వెయ్యలేదు."

బీడీ నిప్పు గాలిలోనే ఆగిపోయింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. మంచం కిర్రుమనలేదు.

"ఎందుకు వెయ్యలేదో అడుగు, ధోళీ."

చెప్పాను. జూలులో మొహం పెట్టి, గుర్రం చెవిలో చెప్పినట్టే అంతా చెప్పాను. పూణె లాయాల సంగతి, లైట్ల సంగతి, దీపావళి నుంచి నేను వేసిన బల్బు సంగతి. నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆ వాకిట్లో అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

మామ అన్న మాట మెత్తగా లేదు.

"ధోళీ, నేను గుర్రాల మధ్య పుట్టి గుర్రాల మధ్యే ముసలివాణ్ణయ్యా. బల్బుకు ఎదకొచ్చే గుర్రాన్ని చూళ్ళేదు. ఆడదానికి ఒకదాని మీద మనసైతే దాన్ని నిలుపుకోడానికి వంద కథలల్లుతుంది. ఇదీ అలాంటిదేనేమో అడుగు."

నాకు కోపం వచ్చింది. అంత భయంలోనూ.

"ధోళీ, కథే అల్లాలంటే దయ్యం పట్టిందనీ, దర్గాకు తీసుకుపోతే వదిలిందనీ అల్లేదాన్ని. నా నెత్తిన నేనే రాయి పడేసుకునే కథ ఎవరైనా అల్లుతారా?"

లోపల ధోళీ పొట్ట గుడగుడలాడింది. బయట మామ గొంతు సవరించుకున్నాడు. అది దగ్గు కాదు. నవ్వుకు దగ్గరగా ఉంది.

"పేపరు చదివేంత వెలుతురన్నదా. ఒకసారి వెయ్యమను."

వేశాను. కళ్ళు చికిలించుకుంటూ మామ లేచి వచ్చాడు. నా వైపు చూడకుండా, పూరిగోడలోంచి ఒక కాగితం లాగి గడ్డి మీద పెట్టి మళ్ళీ గుమ్మం బయటికి పోయి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు. "చదవమను."

తీసి చదివాను. "ఒంటె తప్పిపోయినది. ఆడది, ఎర్ర రంగు. ఎడమ చెవికి గాటు, ముందుకాలికి గజ్జె కలదు. మనుషులకు మాలిమి, పిలిస్తే వచ్చును. ఆచూకీ తెలిపిన వారికి..."

"దొరికిందా?"

"కింద చిరిగిపోయింది, ధోళీ."

మామ వీపు కదల్లేదు. "మా తాతకు కరెంటు లేదు, మా నాన్నకూ లేదు. నూనె మనుషులకే చాలేది కాదు, లాయంలో ఎవరు పెడతారు దీపం? అందుకే మాకు తెలీలేదు." బీడీ ఒక దమ్ము లాగాడు. "ఇప్పుడు ఆపేస్తే పంచమికి కుదుటపడుతుందా?"

"తెలీదు, ధోళీ. అది నేను అడగలేదు. ఒకసారి మేలుకున్న ఒళ్ళు ఒక్కరోజులో నిద్రపోదనుకుంటా. పంచమికి మళ్ళీ వచ్చినా రావచ్చు."

"వస్తే రానీ. వేసవి పెళ్ళిళ్ళు చెయ్యలేదా మేము? మగగుర్రం లేని మేళాన్ని మాట్లాడుకోవాలి. ముక్కుపుటాలకు కర్పూరం నూనె రాస్తే వేరే వాసన అందదు. నడుం దగ్గర పట్టీ బిగించకూడదు, అక్కడ దానికి సలుపుతుంది. కర్ర చూపించకూడదు. మా నాన్న ఇవన్నీ చేసేవాడు. మాఘమని నేనే ఏదీ చెయ్యలేదు." ఆయన బీడీ నేలకేసి నలిపాడు. "ఈసబ్‌ది కాదు తప్పంతా. చూసుకోవాల్సింది నేను."

ఇక వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన వెళ్ళలేదు.

"ధోళీ, రాత్రిళ్ళు మంచం మీంచి ఈ వెలుతురు కనపడేది. గోడ మీంచి ఇంత. చిన్నోడు పూణె వెళ్ళాక ఇంట్లో ఎవరో మేలుకుని ఉన్నారని, అది చూస్తూ పడుకునేవాణ్ణి. ఒకోసారి చదువుతున్నట్టు చప్పుడు కూడా వినపడేది. మాటలు తెలిసేవి కావు." తలపాగా కొస విప్పి చేతికి చుట్టుకున్నాడు. "చీకట్లో భయం లేకుండా ఉండగలదా, అడుగు."

ఆమనాను గట్టిగా హత్తుకున్నాను.

మామ లోపలికి వచ్చి, మొహం పక్కకు తిప్పుకునే, చెయ్యి ఎత్తి ఆ బల్బును తలపాగా గుడ్డతో పట్టుకుని తిప్పాడు. ఒకసారి మినుకుమంది. చీకటి కమ్మింది. ధోళీ ఊపిరి, ఆమనా ఊపిరి, ఆయన ఊపిరి వేరువేరుగా వినపడ్డాయి. నిజంగా నేననుకున్నంత భయంగా లేదు. లేదూ, ఉంది, కానీ దానిలో ముగ్గురున్నారు.

అప్పుడు సందు మలుపులో ఇంజను చప్పుడు. ఎవరింటికో అనుకున్నాను. చప్పుడు మా వాకిట్లోకే వచ్చింది. రెండు పెద్ద దీపాలు తిరిగి లాయంలోకి గుచ్చుకున్నాయి. పూరిగోడ, కాగితాలు, ధోళీ తెల్లటి ఒళ్ళు, ఖాళీ హోల్డరు, అన్నీ మండుతున్నట్టు వెలిగాయి. నా మొహం మీద ముసుగు లేదు. ఎప్పుడు జారిందో తెలియదు.

"శుక్రవారం దాకా ఎందుకు అబ్బా, వ్యాపారి ఇటే పోతుంటే తీసుకొచ్చా," బావగారి గొంతు. లారీ తలుపు పడిన చప్పుడు. "రండి సాబ్, చూడండి ఎలా నిలబడిందో, మేకపిల్ల."

ధోళీ తల విదిలించింది. దాని తాడు పట్టుకున్నాను, అరచేతిలో ఒరుసుకుంటూ జారింది. చంకలో ఆమనా ఏడుపు మొదలెట్టింది. లారీ దీపాల వెలుతుర్లోకి రెండు నీడలు మా వైపు నడిచి వస్తున్నాయి, ఒక నీడ చేతిలో కర్ర ఉంది.

మామ నాకూ ఆ నీడలకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. గుడ్డలో చుట్టిన బల్బు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. తల తిప్పాడు. మూడేళ్ళలో మొదటిసారి, గుర్రాన్ని కాదు, గాలిని కాదు, నన్ను చూశాడు.

"బీనణీ," అన్నాడు, మా వైపు కోడల్ని పిలిచే పిలుపు అది. "తాడు వదలకు."